మూడు గుమ్మాలు, ఒక్క సలహా: అణు ఇంజనీరింగ్ కెరీర్ రాతలపై విమర్శ

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఒకసారి, గేట్ నోటిఫికేషన్ పడినప్పుడు మరోసారి మన దినపత్రికల చదువుల పేజీల్లో ఒక తరహా వ్యాసం కనపడుతుంది. అణు ఇంజనీరు కావాలంటే ఏం చదవాలి అన్నది దాని విషయం. లోపలి సరుకు ఏటా ఒకటే. లెక్కలు, భౌతికశాస్త్రం మీద ఆసక్తి ఉండాలి. మంచి కాలేజీలో బి.టెక్. చెయ్యాలి. గేట్ రాయాలి. బార్క్‌లో చేరితే మంచి జీతం, క్వార్టర్సు, పైగా దేశసేవ. చివర్లో పట్టుదల ఉంటే సాధించలేనిది లేదని ఒక దీవెన.

ఈ రాతల్లో అబద్ధాలు పెద్దగా లేవు. చిక్కంతా అవి ఊహించుకునే విద్యార్థితోనే. ఆ విద్యార్థికి కులం లేదు. ఊరు లేదు. తెలుగు మీడియం లేదు. సోషల్ వెల్ఫేర్ హాస్టలు లేదు. మధ్యలో ఒక ఏడాది చదువు ఆపేసి పనికి పోవలసి రావడం లేదు. ఇలాంటి మనిషి మన మాల మాదిగ వాడల్లో ఎక్కడా దొరకడు. లేని మనిషికి చెప్పిన సలహా ఉన్న మనిషికి ఎంతవరకు పనికొస్తుంది?

అసలు అణుశక్తి వ్యవస్థలోకి పోవడానికి ఉన్నది ఒక గుమ్మం కాదు, మూడు. మొదటిది ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు ఆఫీసర్లుగా పోయే గుమ్మం. రెండోది డిప్లొమా, ఐ.టి.ఐ. వాళ్లు ట్రైనీలుగా పోయే గుమ్మం. మూడోది కాంట్రాక్టరు మస్టరులో పేరున్న కూలీలు పోయే గుమ్మం. కెరీర్ రాతలు మొదటి గుమ్మాన్నే చూపించి వ్యవస్థంతా అదే అన్నట్టు మాట్లాడతాయి. ఏ కులాల వాళ్లు ఏ గుమ్మంలోంచి లోపలికి పోతున్నారన్న ప్రశ్న వాటికి తట్టదు. ఏ డిగ్రీ ఎంచుకోవాలన్న విషయాన్ని ఈ ప్రశ్న ముందు పెట్టి చూస్తే తప్ప మన పిల్లలకు సరైన సలహా దొరకదు.

అంబేద్కర్ అడిగిన చదువు

మనవాళ్లలోనే కొందరు అంటుంటారు: కూటికి లేనోళ్లకు అణుశాస్త్రం ఎందుకు, గ్రూప్సో టీచరు ఉద్యోగమో చూసుకుంటే చాలదా అని. ఈ మాటకు జవాబు 1942 లోనే ఉంది. ఆ ఏడాది జులైలో వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యుడిగా చేరిన అంబేద్కర్, అక్టోబరులో షెడ్యూల్డు కులాల ఇబ్బందుల మీద గవర్నర్ జనరల్‌కు ఒక మెమొరాండం ఇచ్చారు. అందులో ఆయన ఆర్ట్స్, న్యాయశాస్త్రం చదువులనూ సైన్సు, టెక్నాలజీ చదువులనూ వేరు చేసి చూపించారు. మొదటి రకం చదువు ఎలాగో ఒకలా సంపాదించవచ్చు, రెండో రకం చదువు ఖర్చుతో కూడుకున్నది, ప్రభుత్వం సాయం లేకుండా మనవాళ్లకు అందదు అన్నది ఆయన వాదం. సైన్సు, సాంకేతిక కోర్సులు చదివే షెడ్యూల్డు కులాల విద్యార్థులకు ఏడాదికి 2 లక్షల రూపాయలు, విదేశాల్లో చదువుకు మరో లక్ష కావాలని అడిగారు.

ఆ పదవిలో ఆయన చూసిన విషయాల్లో విద్యుత్తు కూడా ఒకటి. ఈ దేశంలో కరెంటు ఎక్కడినుంచి రావాలి, ఎవరి చేతిలో ఉండాలి అని మొదట ఆలోచించిన వాళ్లలో ఒక అంటరాని కులస్తుడు ఉన్నాడు. అలాంటప్పుడు అణు విద్యుత్తు మనకు సంబంధం లేని విషయం ఎట్లా అవుతుంది? అది పై కులాల పిల్లలకు సహజమైన కల, మన పిల్లలకు అత్యాశ అనుకోవడం మనకు ఎవరో నేర్పిన మాట.

ఏ డిగ్రీ?

ముందు సూటి ప్రశ్నకు సూటి జవాబు చెప్పుకుందాం. అణు ఇంజనీరు కావడానికి న్యూక్లియర్ ఇంజనీరింగ్ అనే పేరున్న బి.టెక్. చదవనక్కర్లేదు. మన దేశంలో ఎక్కువగా ఉన్నవి సహజ యురేనియం, భారజలంతో నడిచే రియాక్టర్లు. యురేనియం కేంద్రకం చీలి వేడి పుట్టడం ఆ పనిలో ఒక ముక్క. ఆ వేడిని మోసుకుపోయే పైపులు, పంపులు, ఆవిరి జనరేటర్లు, టర్బైన్లు, వెల్డింగు, జిర్కోనియం మిశ్రమంతో చేసిన గొట్టాలు, కొలత పరికరాలు, కంట్రోలు వ్యవస్థ, కాంక్రీటు కట్టడం, ఇవన్నీ కలిస్తేనే రియాక్టరు. అందుకే అక్కడ పని ఎక్కువ ఉండేది మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్, ఎలక్ట్రానిక్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్, మెటలర్జీ, సివిల్ వాళ్లకే.

ఒక లెక్క చూడండి. అణు విద్యుత్ కేంద్రాలను నడిపే ఎన్.పి.సి.ఐ.ఎల్. 2025లో 400 ఎగ్జిక్యూటివ్ ట్రైనీ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. మెకానికల్ 150, ఎలక్ట్రికల్ 80, కెమికల్ 60, ఎలక్ట్రానిక్స్ 45, సివిల్ 45, ఇన్‌స్ట్రుమెంటేషన్ 20. న్యూక్లియర్ అనే పేరుతో వేరే ఖాతాయే లేదు. పేరు చూసి మోజుపడి లక్షలు పోసి ఏదో ప్రైవేటు యూనివర్సిటీలో అణు ఇంజనీరింగ్ బి.టెక్. చేరితే, ఆ ఉద్యోగం రాకపోయిన రోజు చేతిలో మిగిలేది ఇంకెక్కడా చెల్లని డిగ్రీ. మెకానికల్ చదివినవాడికి ఇది కాకపోతే విద్యుత్ సంస్థ ఉంది, రైల్వే ఉంది, స్టీలు ప్లాంటు ఉంది. ఓడిపోయే అవకాశాన్ని కూడా లెక్కలో పెట్టుకుని డిగ్రీ ఎంచుకోవాలి. ఇంట్లో ఆస్తి ఉన్నవాడికి ఈ లెక్క అవసరం లేదు, మనకు అవసరం.

అణు విషయంలోనే లోతుగా పోవాలనుకుంటే బి.టెక్. తర్వాత దారులు ఉన్నాయి. 1957లో మొదలైన బార్క్ ట్రైనింగ్ స్కూలు ఏడాది శిక్షణకు ఇంజనీరింగ్ వాళ్లనూ, ఎమ్మెస్సీ వాళ్లనూ తీసుకుంటుంది. దీన్ని ఓ.సి.ఇ.ఎస్. అంటారు. ఇంకొకటి డి.జి.ఎఫ్.ఎస్.: దీనికింద ఎంపికైన వాళ్లు ఐ.ఐ.టి.ల వంటి చోట ఎం.టెక్. చేసి ఆ తర్వాత అణుశక్తి శాఖలో చేరతారు. ఐ.ఐ.టి. కాన్పూర్‌లో అణు ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. ఉంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన మన పిల్లలకు మరో దారి ఉంది: బార్క్ నడిపే రేడియోలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా. క్యాన్సరు ఆసుపత్రుల్లో రేడియేషన్ భద్రత చూసే వాళ్లు కావాలి కాబట్టి ఆ చదువుకు పని దొరుకుతుంది. మన యూనివర్సిటీల్లో ఫిజిక్స్ చదివే దళిత విద్యార్థులకు ఈ సంగతి చెప్పే పంతుళ్లు ఎందరున్నారు?

బ్రాంచి ఎక్కడుంది?

మెకానికలో కెమికలో తీసుకోమని సలహా ఇవ్వడం తేలికే. ఆ సీటు ఎక్కడుంది? ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదివే మన పిల్లల్లో చాలామంది ప్రైవేటు కాలేజీల్లో ఉన్నారు. ఆ కాలేజీలు కొన్నేళ్లుగా సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సైన్సు సీట్లు పెంచుకుంటూ పోతున్నాయి. కెమికల్, మెటలర్జీ లాంటివి ఎప్పుడూ కొన్ని చోట్లే ఉన్నాయి: ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, ఉస్మానియా, జె.ఎన్.టి.యు., వరంగల్ ఎన్.ఐ.టి., పల్లె పిల్లల కోసం 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ యూనివర్సిటీ వారి ట్రిపుల్ ఐటీలు. అంటే ఈ దారి దాదాపు మొత్తం ప్రభుత్వ కాలేజీల గుండానే పోతుంది. ప్రభుత్వ కాలేజీలో ఒక లెక్చరరు పోస్టు ఖాళీగా ఉంటే, ఒక ల్యాబు మూతపడితే, మనకు మొదటి గుమ్మం అంత మేర మూసుకుపోయినట్టే. కెరీర్ రాతలు రాసేవాళ్లకు ఇది విద్యా విధానం. మన పిల్లలకు ఇది కెరీర్.

రెండో గుమ్మం, మూడో గుమ్మం

ఇప్పుడు మిగతా గుమ్మాల సంగతి. 2023లో బార్క్ 4,374 పోస్టులకు ఒక పెద్ద ప్రకటన ఇచ్చింది. అందులో 2,946 కేటగిరీ-2 ట్రైనీలవి, అంటే ఇంటర్, ఐ.టి.ఐ. వాళ్లవి. 1,216 కేటగిరీ-1 వి, అంటే డిప్లొమా, బి.ఎస్సీ. వాళ్లవి. శిక్షణ అయ్యాక మొదటివాళ్లు టెక్నీషియన్లు, రెండోవాళ్లు సైంటిఫిక్ అసిస్టెంట్లు అవుతారు. ఇవి మంచి ఉద్యోగాలే. మన పేటల్లో ఐ.టి.ఐ. ఫిట్టర్, వెల్డర్ చదివినవాళ్లు వీటికి పోటీపడాలి, పడుతున్నారు. కానీ కెరీర్ పేజీలో దీని ప్రస్తావన ఒక మూలన చిన్న పెట్టెలో వస్తే గొప్ప. ఎందుకంటే ఆ పేజీ రాసేవాడి కొడుకు ఆ పరీక్ష రాయడు.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. దళిత బహుజన కులాలు ఉత్పత్తి కులాలు, తోలు శుద్ధి చెయ్యడంలో రసాయనశాస్త్రం ఉంది, కుమ్మరి ఆవంలో పదార్థ విజ్ఞానం ఉంది అని మనం చెప్పుకుంటూ వచ్చాం. అది నిజం. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో యురేనియం ఆక్సైడు పొడిని బిళ్లలుగా నొక్కి కొలిమిలో కాలుస్తారు. ఆ సూత్రానికి, కుమ్మరి పనికి ఉన్న చుట్టరికం ఎవరైనా పట్టుకోవచ్చు. కానీ ఈ మాటనే తిప్పి, మీది చేతిపని కులం కదా, మీకు ఐ.టి.ఐ. సరిపోతుంది అనేవాళ్లున్నారు. చేతిలో ఉన్న విద్యను గౌరవించడం వేరు, ఆ విద్య పేరు చెప్పి బుర్రతో చేసే పనికి అడ్డుకట్ట వెయ్యడం వేరు. ఏకలవ్యుడి బొటనవేలు కోసినవాడు కూడా అతని విలువిద్యను మెచ్చుకునే కోశాడు.

మూడో గుమ్మం గురించి ఏ కెరీర్ పేజీ రాయదు. ప్లాంటు ఊడ్చేవాళ్లు, బరువులు మోసేవాళ్లు, మరమ్మతుల సీజన్లో వచ్చి పోయే కాంట్రాక్టు కూలీలు ఉంటారు. అణుశక్తి నియంత్రణ బోర్డు నిబంధన ప్రకారం రేడియేషన్ పనిలో ఉన్నవాళ్లకు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. మామూలు జనానికి హద్దు 1. ఈ అంకెలు మన ఇంజనీరుకూ తెలియాలి, మన కూలీకీ తెలియాలి. మొదటి గుమ్మంలోంచి పోయిన దళిత ఇంజనీరుకు మూడో గుమ్మంలో నిలబడ్డ తన బంధువు కనపడాలి. లేకపోతే వాడి ఉద్యోగం వాడి ఇంటికి మాత్రమే పనికొస్తుంది.

ఇంటర్వ్యూ గదిలో మెరిట్

మొదటి గుమ్మానికి కాపలా ఎవరు? ఓ.సి.ఇ.ఎస్.కు గేట్ స్కోరు గానీ, బార్క్ పెట్టే ఆన్‌లైన్ పరీక్ష గానీ ఇంటర్వ్యూకు పిలవడం కోసమే. తుది ఎంపిక ఇంటర్వ్యూలోనే తేలుతుంది. ఎన్.పి.సి.ఐ.ఎల్. ట్రైనీల ఎంపికలోనూ గేట్ పిలుపు వరకే, ఆ తర్వాత ఇంటర్వ్యూయే. ఇంటర్వ్యూల్లో పక్షపాతానికి తావుందనే కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి నుంచి గ్రూప్-సి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి పోస్టులకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. గ్రూప్-ఎ లో మాత్రం ఉంచింది. కింది మెట్టు మీద పక్షపాతం ఉంటుంది గానీ పై మెట్టు మీద ఉండదా? ఢిల్లీ ఎయిమ్స్‌లో ప్రాక్టికల్స్, వైవాల్లో తమ పట్ల వివక్ష చూపుతున్నారని దళిత, ఆదివాసీ విద్యార్థులు చెప్పిన సంగతి 2007 నాటి థోరట్ కమిటీ నివేదికలో ఉంది. ఎదురెదురుగా కూర్చుని మార్కులు వేసే చోట ఇంటిపేరు, యాస, ఇంగ్లీషు అన్నీ మార్కులే.

అణుశక్తి బోర్డులు కులం చూసి మార్కులు వేస్తున్నాయని ఇక్కడ ఆరోపించడం లేదు. వెయ్యడం లేదని తెలుసుకోవడానికి లెక్కలు చూపించమంటున్నాం. ఎన్.పి.సి.ఐ.ఎల్. ప్రకటనలో ఎస్సీలకు ఎన్ని, ఎస్టీలకు ఎన్ని, బి.సి.లకు ఎన్ని అని పట్టిక ఉంటుంది. ఓ.సి.ఇ.ఎస్. ప్రకటనలో వయసు సడలింపు ఉంటుంది, జనరల్‌కు 26 అయితే ఎస్సీ ఎస్టీలకు 31. ఫీజు మినహాయింపు ఉంటుంది. ఆ పట్టిక మాత్రం ఉండదు.

దీని వెనక ఒక చరిత్ర ఉంది. 1975లో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. గ్రూప్-ఎ లో అట్టడుగు మెట్టుకు పైన ఉండి, పరిశోధన చేసే, పరిశోధనను నడిపించే సైంటిఫిక్, టెక్నికల్ పోస్టులను రిజర్వేషన్ నుంచి మినహాయించవచ్చు అన్నది దాని సారం. 1992 నవంబరులో మండల్ కేసు తీర్పు వచ్చింది. బి.సి.ల రిజర్వేషన్‌ను నిలబెట్టిన తీర్పు అని మనం పండగ చేసుకున్నాం. అదే తీర్పులో మెజారిటీ న్యాయమూర్తులు రిజర్వేషన్ తగదనుకున్న చోట్ల జాబితా ఒకటి ఇచ్చారు. పరిశోధనా సంస్థల్లోని సాంకేతిక పోస్టులు, ముఖ్యంగా అణుశక్తి, అంతరిక్ష రంగాలవి, ప్రొఫెసర్లు, సూపర్ స్పెషాలిటీ వైద్యం, విమాన పైలట్లు. చివరి మాట ప్రభుత్వానికే వదిలారు గానీ, మెరిట్ అనే మాట ఎక్కడెక్కడ కాపలా కాస్తుందో ఆ జాబితా చదివితే తెలుస్తుంది. అణువును చీల్చే చోట కులాన్ని ముట్టుకోకూడదట!

లోపలికి పోయాక కూడా కథ అయిపోదు. అణుశక్తి శాఖలో సైంటిఫిక్ ఆఫీసర్ల ప్రమోషన్లు ఖాళీలతో ముడిపడి ఉండవు, మెరిట్ ప్రమోషన్ పద్ధతిలో నడుస్తాయి. ఆఫీసరు రాసే రిపోర్టు, కమిటీ ముందు హాజరు, వీటి మీద సి నుంచి డి కి, డి నుంచి ఇ కి ఎక్కాలి. ఖాళీలు లేవన్న సాకు లేకపోవడం మంచిదే. రోస్టరు అనే రక్షణ కూడా అక్కడ ఉండదు. చేరిన మనవాళ్లు ఎంతమంది పై మెట్లకు చేరారన్నది ఈ విషయంలో అసలు ప్రశ్న. దేశ భద్రత, రహస్యం అనే మాటలు దీనికి అడ్డం పెట్టడానికి వీల్లేదు. ఎంత యురేనియం ఉందో రహస్యం కావచ్చు. ఎంతమంది మాదిగలున్నారో రహస్యం ఎట్లా అవుతుంది?

మన లోపలి లెక్క కూడా మనం చూసుకోవాలి. 1994లో మొదలైన దండోరా ఉద్యమం అడిగిందే ఇది. ఎస్సీల వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో చెప్పింది. తెలంగాణ 2025లో చట్టం తెచ్చింది. కేంద్ర ఉద్యోగాల్లో అది వర్తించదు. కాబట్టి ఉపకులాల వారీ లెక్కలు కూడా అడగాలి. స్త్రీల లెక్క విడిగా అడగాలి.

ప్రైవేటు గేటు

ఇంతలో ఆట స్థలమే మారిపోతోంది. 2025 బడ్జెట్‌లో కేంద్రం 2047 కల్లా లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు లక్ష్యంగా పెట్టుకుంది. ఇప్పుడున్నది 8 వేల పైచిలుకే. చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20 వేల కోట్లు ప్రకటించింది. 2025 డిసెంబరులో పార్లమెంటు శాంతి చట్టాన్ని ఆమోదించి, 1962 అణుశక్తి చట్టం స్థానంలో ప్రైవేటు కంపెనీలు కూడా అణు విద్యుత్ కేంద్రాలు కట్టి నడిపే వీలు కల్పించింది. కెరీర్ పేజీలు దీన్ని అవకాశాల వెల్లువ అని రాస్తాయి. ఎవరికి వెల్లువ? రాజ్యాంగం 16వ అధికరణం కింద వచ్చే రిజర్వేషన్ రాజ్యం కింద ఉన్న ఉద్యోగాలకే. ప్రైవేటు కంపెనీకి పట్టదు. డెబ్బై ఏళ్లు సర్కారు గుత్తాధిపత్యంగా ఉన్నప్పుడు పరిశోధన పేరు చెప్పి తలుపు సగమే తీశారు. ఉద్యోగాలు నిజంగా పెరగబోయే వేళకు మన చట్టం చెల్లని చోటికి ఇల్లు మారుస్తున్నారు.

మన నేల ప్రశ్న

ఉద్యమాల్లో ఉన్న మిత్రులు ఒక మాట అడుగుతారు. కడప జిల్లా తుమ్మలపల్లె దగ్గర యురేనియం గని, మిల్లు పెట్టాక బోరు నీళ్లు చెడ్డాయని, అరటి తోటలు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు మొత్తుకున్నారు, సంస్థ కాదంటూ వచ్చింది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు పెద్ద రియాక్టర్ల కోసం మత్స్యకారుల ఊళ్లను కదిలించే పని పెట్టుకున్నారు. 2019లో నల్లమలలో చెంచుల అడవిలో యురేనియం వెతుకుతామంటే జనం తిరగబడ్డారు, తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. అలాంటి వ్యవస్థలో ఉద్యోగాలకు మన పిల్లలను తోలడమేమిటి?

ప్రశ్న న్యాయమైనదే. కానీ ఒకటి ఆలోచించాలి. ఈ ఊళ్లలో సభలు పెట్టినప్పుడు బల్లకు అటుపక్క కూర్చుని అంకెలు చెప్పేవాడు ఇంజనీరు. ఇటుపక్క కూర్చున్నవాళ్లకు ఆ అంకెలు విప్పి చెప్పడానికి మన మనిషి ఉండడు. వ్యర్థాల చెరువు కింద పొర ఎంత మందం ఉండాలో, బోరు నీళ్లలో ఏం పరీక్ష చేయించాలో తెలిసినవాడు మన పక్షాన ఉంటే పోరాటం తీరే వేరు. తుమ్మలపల్లెకు దగ్గర్లోనే ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లె పిల్లలు కెమికల్, మెటలర్జీ చదివే చోటు అది. మిల్లులో ఉద్యోగానికైనా, మిల్లును నిలదీయడానికైనా కావలసిన చదువు ఒకటే. ఆ చదువు వద్దనుకోవడం వల్ల గని ఆగదు, మనకు గనిని ప్రశ్నించే శక్తి మాత్రం పోతుంది.

ఏం చెయ్యాలి?

విద్యార్థులకు: పేరు చూసి కాకుండా బ్రాంచి చూసి చేరండి. ప్రభుత్వ కాలేజీలో మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్, మెటలర్జీ సీటు దొరికితే చిన్నచూపు చూడొద్దు. బి.టెక్.లో 60 శాతం తగ్గితే ఈ గుమ్మాల్లో చాలావరకు మూతపడతాయి, కాబట్టి మొదటి ఏడాది బ్యాక్‌లాగులే ముందు గండం. గేట్‌కు మూడో ఏడాదిలోనే కూర్చోండి. 31 ఏళ్ల వరకు వయసుంది గనక మధ్యలో చదువు ఆగినా కథ ముగిసిందనుకోవద్దు. ఇంటర్వ్యూలో అడిగేది బట్టీ కాదు, మీకిష్టమైన రెండు మూడు సబ్జెక్టుల్లో మూలసూత్రాలు. హాస్టల్లో నలుగురు కూర్చుని బోర్డు మీద ఒకరికొకరు లెక్క విప్పి చెప్పుకోండి, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో.

ఉపాధ్యాయులకు: లోపలికి పోయిన మనవాళ్లు ఉన్నారు. వాళ్లను పిలిపించి ఇంటర్వ్యూ శిక్షణ ఇప్పించండి. యూనివర్సిటీల్లోని ఎస్సీ, ఎస్టీ సెల్‌లు స్కాలర్‌షిప్ ఫారాలకే పరిమితం కాకూడదు.

సంఘాలకు: నాలుగు డిమాండ్లు. ఓ.సి.ఇ.ఎస్., డి.జి.ఎఫ్.ఎస్.లలో పరీక్ష రాసినవాళ్లు, పిలుపు వచ్చినవాళ్లు, ఎంపికైనవాళ్ల వర్గాలవారీ లెక్క ఏటా ప్రకటించాలి. సైంటిఫిక్ ఆఫీసర్లు ఏ మెట్టు మీద ఎందరున్నారో అదే తీరున చెప్పాలి. అణు విద్యుత్తులోకి వచ్చే ప్రైవేటు కంపెనీ లైసెన్సు షరతుల్లో రిజర్వేషన్ చేర్చాలి. కాంట్రాక్టు కార్మికుడి రేడియేషన్ మోతాదు పుస్తకం అతని చేతికి, అతనికి తెలిసిన భాషలో ఇవ్వాలి. వీటిలో మొదటి రెండింటికి కొత్త చట్టం అక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తుతో రేపే మొదలుపెట్టవచ్చు.